ఆ పడవ వేటకెళ్ళడం లేదు

"చూడాల్సింది చూసేసుకుని దిగిపోండి పాపాయి గారూ," అన్నాడు సీఐ వీరాస్వామి, ఇంగ్లీష్ ల్యాబ్ గుమ్మంలో బూట్లతో నిలబడి. "మధ్యాహ్నం ఆవిణ్ణి కోర్టుకి పంపాలి నేను."

పెమ్మాడి పాపాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? తెల్లారకుండా కాకినాడలో బస్సెక్కి, రెండు బస్సులు మారి, ఆటోలో ఒళ్ళు హూనం చేసుకుని ఈ కొత్తమొగ దాకా వస్తే, ఈ పెద్దమనిషి గుమ్మానికి అడ్డం పడడం తప్ప ఒక్క ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఆవిడా ఒకప్పుడు పోలీసే. ఎస్సైగా చేసి, పైవాళ్ళు చెప్పినట్టు కేసులు రాయడం ఒంటికి సరిపడక, టోపీ తీసి బల్ల మీద పెట్టి వచ్చేసి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరుచుకున్న మనిషి. నోరు మంచిది కాదని జిల్లాలో పేరు. ఆ పేరంటే ఆవిడకేం బాధ లేదు.

కేసు చూడబోతే నిన్నటిది. కొత్తమొగ హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష జరిగింది. కాగితం మీద రాసేది కాదు. ఒక్కొక్కరినీ మేడమీద ల్యాబ్‌లోకి పిలిచి, చేతికో బొమ్మ ఇచ్చి, అందులో ఏం జరుగుతోందో ఇంగ్లీషులో చెప్పమంటారు. చెప్పింది ట్యాబ్‌లో రికార్డవుతుంది, దాన్ని బట్టి మార్కులు. ఈ పరీక్షలు పెట్టేది వాక్‌సేతు అనే కంపెనీ. ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పరీక్ష పెట్టి, మా పాఠాల వల్ల పిల్లలు ఇంత ఎదిగారని చూపించుకుంటే, వచ్చే ఏడాది జిల్లా మొత్తం కాంట్రాక్టు వాళ్ళదే. పరీక్ష చెయ్యడానికి కంపెనీ పంపిన కుర్రాడు విజయ్ పాల్. ఒంటిపూట బడి వదిలేసి ఊరంతా అన్నాలు తిని పడుకున్న వేళ, ఆ కుర్రాడు మేడమెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు. ఇప్పుడు భీమవరం ఆసుపత్రిలో స్పృహ లేదు. అతని ట్యాబ్ మాయమై, సాయంత్రానికి ఇంగ్లీషు టీచరు ఉషారాణి స్కూటర్ డిక్కీలో తేలింది.

ఇంకేం కావాలి వీరాస్వామికి? ఆయన కథ అప్పుడే కంచికి చేరిపోయింది. విజయ్ పాల్ ఆ బొమ్మ ప్రశ్నకి సగం క్లాసుకి సున్నాలు వేశాడు. అది తెలిసి ఉషారాణి అతనితో పెద్ద గొడవ పెట్టుకుంది. ఆ గొడవ కింద ఆఫీసు గదిలోకి వినిపించిందని హెడ్మాస్టరే చెప్పాడు. అతను మార్కులు మార్చననేసరికి టీచరమ్మ మెట్ల మీంచి తోసేసి, ట్యాబ్ పట్టుకుపోయి, పిల్లల అసలు రికార్డింగులు తీసేసి, ఎవరో బాగా మాట్లాడిన దొంగ రికార్డింగులు వాళ్ళ పేర్ల మీద ఎక్కించింది. రెండు దాటాక ఆ ట్యాబ్ నుంచే కొత్తవి ఎక్కాయని కంపెనీవాళ్ళు చూపించారు కూడా. అదీ సంగతి.

స్కూటర్ డిక్కీకి తాళం లేదనీ, ఆరు నెలలుగా దాన్ని తాడుతో కట్టుకు తిరుగుతోందనీ, నిన్న స్కూటర్ స్టార్టవకపోతే బళ్ళోనే వదిలేసి నడిచి వెళ్ళిపోయిందనీ పాపాయి చెబితే, అవన్నీ లాయరుకి చెప్పుకోమన్నాడు. ఉషారాణి తల్లి అచ్చాయమ్మ రాత్రి ఫోన్లో ఏడ్చిన ఏడుపు పాపాయి చెవుల్లో ఇంకా ఉంది. కోర్టుకెక్కితే కూతురి ఉద్యోగం పోతుంది. ఆ కుర్రాడికి జరగరానిది జరిగితే అది హత్యకేసవుతుంది. ఏది తేలినా ఈ పూటే తేలాలి.

పాపాయి గుమ్మం దగ్గర చెప్పులు విప్పింది. పక్కనే ఒక జత తోలుచెప్పులు పొందిగ్గా పెట్టి ఉన్నాయి. అవి విజయ్ పాల్‌వి. ఈ ల్యాబ్‌లోకి ఎవరూ చెప్పులతో వెళ్ళరు. కుర్చీలు చాలక నేలంతా పట్టా పరిచి పిల్లల్ని కింద కూర్చోబెడతారు, అందుకని టీచర్ల దగ్గర్నుంచీ అందరూ బయటే విప్పుతారు. పని ముగించుకుని ఇంటికి పోయేవాడైతే చెప్పులేసుకునే మెట్లు దిగుతాడు. ఇతను వట్టికాళ్ళతో దిగాడు. ఎవరి వెనకాలో పరుగెత్తాడు. ఆ మాటే పైకి అంటే వీరాస్వామి నవ్వి, కంగారులో మర్చిపోయి ఉంటాడన్నాడు. మర్చిపోవడానికి అవేమన్నా గొడుగులా, చెప్పులు కదా అని పాపాయి పళ్ళు నూరుకుంది.

లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి స్పీకరు. పాపాయి మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద చెయ్యి పెట్టింది. చేతికి ఒక అట్ట తగిలింది. పైకి తీసి చూస్తే పరీక్షలో పిల్లలకి చూపించిన బొమ్మ. ఇసుకలోకి లాగిన పడవ, పడవ మీంచి వెదురుకర్రల మీదికి పరిచిన వల, ఆ వల అంచు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి, వెనకాల సముద్రం. సరిగ్గా పడవ మీద బూటు ముద్ర ఒకటి పడి ఉంది. సన్నటి అలల్లాంటి గీతలు, మడమ దగ్గర చిన్న నక్షత్రం.

"ఇది మీవాళ్ళు చూడలేదా సీఐ గారూ?"

పిల్లల బొమ్మతో తమకేం పనన్నాడాయన. పాపాయి ఆయన్ని బూటెత్తమంది. వీరాస్వామి మొహం గంటు పెట్టుకున్నాడు గానీ ఎత్తాడు. ఆయన బూటు అడుగున గళ్ళు. వెంట వచ్చిన కానిస్టేబుల్‌దీ అంతే. అంటే బూట్లతో ఈ పట్టా తొక్కిన మూడో మనిషి ఒకడున్నాడు, వాడు ఈ బడి పద్ధతి తెలిసినవాడు కాదు, తెలిసినా లెక్కచేసేవాడు కాదు.

అట్ట తిప్పి చూసింది. వెనకవైపు, మార్కులు వేసేవాళ్ళ కోసం, సరైన జవాబు అచ్చేసి ఉంది. 'మత్స్యకారుడు చేపలు పట్టడానికి సముద్రంలోకి వెళ్తున్నాడు' అని ఇంగ్లీషులో.

పాపాయి పుట్టింది కూడా చేపల వేటకెళ్ళే ఇంట్లోనే. అది చదవగానే ఆవిడకి నవ్వొచ్చింది, ఆ వెనకాలే ఒళ్ళు మండిపోయింది. వల ఆరేసుకుని, చిరుగు ఒళ్ళో పెట్టుకుని కుట్టుకుంటున్నవాడు వేటకెళ్తున్నాడట! పడవ ఇసుకలో ఉంటే వెళ్తున్నాడట! ఎవడు రాశాడో గానీ, చల్లటి గదిలో కూర్చుని చేపల పులుసు తినడం తప్ప సముద్రం మొహం చూసినవాడు కాదు. ఇలాంటివాడు గీసిన గీతకి ఒడ్డున పుట్టిన పిల్లలు సున్నాలు తెచ్చుకోవాలి.

అప్పుడే కంపెనీ జిల్లా కోఆర్డినేటర్ శివరామకృష్ణ లాప్‌టాప్ సంచీ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ముప్పై దాటి ఉండవు. ఇస్త్రీ చొక్కా, మాట తేనె. గుమ్మంలో ఆగకుండా బూట్లతోనే పట్టా మీంచి నడిచొచ్చి, లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, ఫోను పక్క గోడకి ఛార్జింగు పెట్టుకుని, కుర్చీలో కాలు మీద కాలేసుకున్నాడు. పైకి లేచిన బూటు అడుగున దుకాణంవాళ్ళు అంటించిన ధర చీటీ ఇంకా ఊడలేదు.

పాపాయి తొందరపడలేదు. నిన్న ఇక్కడికి వచ్చారా అంటే రాలేదన్నాడు. పొద్దుణ్ణుంచీ పాలకొల్లులోనే ఉన్నాడట. రికార్డింగులు మారిన సంగతి పోలీసులకి ఎవరు చెప్పారంటే తనే అన్నాడు. ఈ మార్కులు బాగా వస్తే లాభం ఎవరికని అడిగితే, క్లాసు టీచరుకి కదండీ అని నవ్వాడు.

"మీ కంపెనీకి లేదా?"

"మాకు పిల్లలు ఎదిగితే సంతోషం మేడం. అంతే."

"బూట్లు కొత్తవా?"

అతని నవ్వు సగంలో ఆగింది. అవునండి అన్నాడు.

"పాతవేమయ్యాయి బాబూ?"

తడిసిపోయాయన్నాడు. ఏప్రిల్ ఎండల్లో ఎక్కడ తడిశాయని పాపాయి అడిగింది. చెరువుగట్టు మీద కాలుజారిందన్నాడు. ఏ చెరువు అని అడిగేలోపు వీరాస్వామి మధ్యలో దూరిపోయాడు. చదువుకున్న కుర్రాణ్ణి పట్టుకుని బూట్లు, చెప్పులు అంటూ ఈ విచారణేంటి, ఈయన మాకు సాయం చేస్తున్న మనిషి అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఈయనకి ఉషారాణి మెడ మీదికొచ్చిన కత్తి కనపడదు గానీ ఆ కుర్రాడికి చెమట పడితే మాత్రం కనపడింది.

పాపాయి ఆ కోపం మింగి, రికార్డింగు ఒకటి వినిపించమంది. శివరామకృష్ణ ఉత్సాహంగా ఒకటి నొక్కాడు. ఒక మగపిల్లాడి గొంతు, గడగడా, తడబాటు లేకుండా, అట్ట వెనక అచ్చేసిన వాక్యమే చెప్పింది. ఇంకోటి నొక్కమంటే ఇంకో గొంతు, అదే వాక్యం. మూడోదీ అంతే.

పాపాయి అట్ట తీసి వీరాస్వామి మొహం ముందు పెట్టింది.

"సీఐ గారూ, నిన్న ఉషారాణి ఈ గదిలో దేని గురించి పోట్లాడింది?"

"మార్కుల గురించి."

"కాదు. ఈ జవాబు తప్పని పోట్లాడింది. మా పిల్లలు చెప్పిందే నిజం, మీ అట్ట వెనక రాసుకున్నది అబద్ధం అని పోట్లాడింది. పొద్దున మీ స్టేషన్‌లో నాకు అదే చెప్పింది, మీకూ చెప్పే ఉంటుంది, మీరు విని ఉండరు. తప్పని పోట్లాడిన మనిషి, పనిగట్టుకుని ఆ తప్పునే పిల్లల నోట్లో పెడుతుందా? ఇవి ఎక్కించినవాడికి ఈ జవాబు తప్పని తెలీదు. వాడికి సముద్రం తెలీదు, ఈ పిల్లలు తెలీదు, అట్ట వెనక ఉన్నదే వేదం."

వీరాస్వామికి ఆ లెక్క బుర్రకెక్కింది. ఎక్కినట్టు ఒప్పుకోవడం ఇష్టం లేక గొంతు పెంచాడు. బొమ్మలు, వలలు కోర్టులో నిలబడవన్నాడు. అసలు వేటకెళ్ళేవాళ్ళ పిల్లలకి ఇంగ్లీషెక్కడిది, వీళ్ళు గడగడా మాట్లాడారంటేనే దొంగతనమని తెలియడం లేదా అన్నాడు. ఇంగ్లీషంటే తన కూతురిది చూడాలట. పాలకొల్లులో ఎనిమిదో తరగతి, సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు, దొరసానిలా మాట్లాడుతుందట.

"మా హేమశ్రీ మాట్లాడితే మీరు నోరెళ్ళబెడతారు," అన్నాడు.

"మీరెప్పుడన్నా విన్నారా?" అంది పాపాయి.

క్లాసు సంగతులన్నీ ఇంట్లో ఆవిడే చూసుకుంటుంది, తనకి తీరికెక్కడిది అన్నాడు వీరాస్వామి. శివరామకృష్ణ సీసా ఎత్తి నీళ్ళు తాగాడు. కొన్ని చొక్కా మీద ఒలికాయి. లాప్‌టాప్ బ్యాటరీ అయిపోవస్తోంది, ఛార్జర్ కారులో ఉండిపోయింది, తెస్తానని లేచాడు. లాప్‌టాప్ బల్ల మీదే ఉంది, ఫోను గోడకే వేలాడుతోంది. వెళ్ళినవాడు వస్తాడులే అని ఎవరికైనా అనిపిస్తుంది. పాపాయికీ అలాగే అనిపించింది.

ఇక వాదించుకోవడానికి ఇద్దరే మిగిలారు, వాదించుకున్నారు. పాత ఉద్యోగం సంగతి ఆయన ఎత్తాడు, పైవాళ్ళ కాళ్ళు పట్టుకునే సంగతి ఈవిడ ఎత్తింది. కింద హెడ్మాస్టరు ఫ్యాను ఆపుకుని మరీ విన్నాడు. పోట్లాట చాలాసేపు సాగింది, ఛార్జర్ మాత్రం రాలేదు. చివరికి పాపాయి కిటికీలోంచి తొంగిచూసి, పొద్దుణ్ణుంచీ కింద వరండాలో కూర్చుని ఉన్న ఆడపిల్లని పైకి రమ్మంది. బడి వదిలేసినా ఇంటికి పోలేదు ఆ పిల్ల. మేడం వచ్చేదాకా కదలనని కూర్చుంది.

పేరు దుర్గాశ్రీ. ఎనిమిదో తరగతి. తండ్రికి నాటుపడవ ఉంది. ఏటా వేసవిలో సర్కారు పెట్టే వేట నిషేధం మొదలై వారం కావడంతో ఆయనా ఇంట్లోనే వల ముందేసుకుని కూర్చున్నాడట. పోలీసుని చూసి భయపడింది గానీ, అట్ట చూపించి నిన్నేం చెప్పావని పాపాయి అడిగేసరికి నిటారుగా నిలబడింది.

"హి ఈజ్ నాట్ గోయింగ్. నెట్ ఈజ్ టోర్న్. హి ఈజ్ స్టిచింగ్. నౌ బ్యాన్. ఆఫ్టర్ బ్యాన్ హి విల్ గో."

అంతే. అయిదు ముక్కలు. ఒక్కొక్క మాట ఏరుకుంటూ, తడుముకుంటూ చెప్పింది. ఎవరూ బట్టీ పట్టించని ఇంగ్లీషు, కంటితో చూసి, బుర్రతో ఆలోచించి, ఉన్న నాలుగు మాటల్తో కట్టుకున్న ఇంగ్లీషు. దీనికా సున్నా? దీనికి సున్నా వేసే పరీక్ష దేన్ని కొలుస్తోంది, ఎవడి తద్దినం పెట్టడానికి?

విజయ్ పాల్ సారు మొదట సున్నాలే వేశారట. ఉషారాణి మేడం వచ్చి కేకలేసి, తర్వాత మెల్లగా బొమ్మలో వల చూపించి చెప్పారట. అప్పుడాయన పిల్లలందరివీ మళ్ళీ మొదట్నుంచీ విన్నారట. దుర్గాశ్రీ పుస్తకం మర్చిపోయి మళ్ళీ పైకొచ్చింది కాబట్టి ఆ తర్వాతదీ విన్నది.

"మేడం వెళ్ళిపోయాక సారు ఫోన్ చేశారండి. శివరామకృష్ణ గారూ, ప్రశ్నే తప్పండి, పిల్లలకి మార్కులు వేసేస్తున్నాను, ఏడాది మొదట్లో పెట్టిన పరీక్షా ఇలాంటిదే, అదీ పైకి రాసేస్తాను అన్నారండి."

"ఈ మాట నిన్నే ఎందుకు చెప్పలేదే?" అన్నాడు వీరాస్వామి.

"మీరు అడగలేదండి," అంది ఆ పిల్ల.

వీరాస్వామి అట్ట ఎత్తి బూటు ముద్రకేసి చూశాడు. పాలకొల్లు నుంచి కారులో ఇక్కడికి ఎంతసేపు పడుతుందో ఆయనకీ తెలుసు. ఫోను వచ్చాక బయలుదేరినా రెండింటికి ఇక్కడుండొచ్చు. వచ్చినవాడు ట్యాబ్ లాక్కుని పరుగెత్తి ఉంటాడు, చెప్పులేసుకునే వ్యవధి లేక ఆ కుర్రాడు వెంటపడి ఉంటాడు. మెట్ల మీద పెనుగులాట. తాళం లేని డిక్కీ చేతికి అందుబాటులోనే ఉంది. వీరాస్వామి గుమ్మంలోకి వెళ్ళి కిందికి చూశాడు. కారు లేదు.

చెట్టు కిందికి తీసి ఉంటాడు అన్నాడు, తనకి తనే చెప్పుకున్నట్టు. కానిస్టేబుల్ని చూసి రమ్మని పంపాడు.

పాపాయి లాప్‌టాప్ ముందు కూర్చుంది. పిల్లల పేర్లు వరసగా కనిపిస్తున్నాయి. దుర్గాశ్రీ అన్న పేరు మీద నొక్కి, నీ గొంతేనా చూడమ్మడూ అంది. ఒక ఆడపిల్ల గొంతు గదిలో స్పష్టంగా, ముద్దుగా, వంకలేకుండా పలికింది.

"గుడ్ మార్నింగ్. మై నేమ్ ఈజ్ దుర్గాశ్రీ. ది ఫిషర్‌మన్ ఈజ్ గోయింగ్ టు ది సీ టు క్యాచ్ ఫిష్."

"ఇది నేను కాదండి," అంది దుర్గాశ్రీ. "నా పేరు చెప్తోంది గానీ నేను కాదండి." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మార్కులు పోయినా ఏడవని పిల్ల, తన పేరు ఇంకెవరో చెప్పుకుంటుంటే ఏడ్చింది.

ఎవరిదై ఉంటుందని పాపాయి మళ్ళీ నొక్కింది. గుమ్మంలో ఉన్న వీరాస్వామి వెనక్కి తిరిగాడు.

"ఆపకండి," అన్నాడు. "ఇంకొకసారి పెట్టండి."

పెట్టింది. ఆయన బల్ల దాకా వచ్చి, లాప్‌టాప్ అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇది మా హేమశ్రీ."

ఆయనే, ఎవరూ అడక్కుండానే చెప్పుకుపోయాడు. పోయిన వారమంతా ఇంట్లో ఈ వాక్యమే వల్లించిందట. ఎందుకే అంటే, క్లాసులో సార్ ఆట ఆడిస్తున్నారు, ఒక్కొక్కరికి ఒక్కో కొత్త పేరు ఇచ్చి రికార్డు చేస్తున్నారు అందట. తను టీవీ చూస్తూ ఊఁ కొట్టాడు. ఆ సార్ పేరేంటో కూడా తనకి తెలీదు.

"అంటే నిన్న విజయ్ పాల్ ఫోన్ చేశాక పుట్టిన ఆలోచన కాదిది," అంది పాపాయి. "పరీక్షకి ముందే శివరామకృష్ణ దొంగ గొంతులు సిద్ధం చేసి పెట్టుకున్నాడు. పిల్లలు ఎలా మాట్లాడినా వీటినే ఎక్కించేవాడు. ఇంటికి ఫోన్ చెయ్యండి సీఐ గారూ. ఇందాక మీ అమ్మాయి పేరు అతని ముందే చెప్పారు, ఆ గొంతు మీరు గుర్తుపడతారని అతనికి తెలిసిపోయింది."

వీరాస్వామి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టాడు. హేమశ్రీ ఏదని అడిగాడు. భార్య గొంతు మామూలుగానే ఉంది.

"ఇప్పుడేగా అండీ పంపించాను. మీరే తీసుకురమ్మన్నారని వాళ్ళ శివా సారు కారేసుకుని వచ్చారు. మీ దగ్గరే ఉన్నానని, మీ కేసు సంగతీ అంతా చెప్పారు. కొత్తమొగ వస్తున్నారు కదా, ఇంకా రాలేదా?"

వీరాస్వామి ఆ ఫోన్ కట్ చేసి, శివరామకృష్ణ నంబరు నొక్కాడు. గోడకి ఛార్జింగు పెట్టిన ఫోను మోగడం మొదలుపెట్టింది. వాడు మర్చిపోయి వదిలెయ్యలేదు, ఎక్కడున్నాడో తెలియకుండా ఉండాలని వదిలేసి వెళ్ళాడు. కారులో ఉందన్న ఛార్జర్ వైరు చుట్ట చుట్టి, బల్ల పక్కన లాప్‌టాప్ సంచీలోనే ఉంది.

"పాపాయమ్మ గారూ," అన్నాడు వీరాస్వామి. పొద్దుణ్ణుంచీ ఆయన గొంతులో లేని మర్యాద అది. "నా కూతురండీ."

పాపాయికి జాలేసింది. కోపం మాత్రం ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

"ఉషారాణీ ఒకరి కూతురే. ముందు ఆవిణ్ణి వదలమని స్టేషన్‌కి ఫోన్ చేసి జీపెక్కండి," అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. వెనకాల గదిలో ఆ ఫోను ఇంకా మోగుతూనే ఉంది.